మూడు గోల్సూ చూసింది మా నాన్నగారొక్కరే

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు ఏం మాట్లాడమంటారని అడిగాను. నీకు నచ్చింది మాట్లాడు, అరగంట దాటకు అన్నారు. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్సు షాపు నాది. ఇక్కడున్నవాళ్లలో సగంమంది ఆధార్ కార్డులు నా మిషన్ మీదుగా వెళ్లినవే. కాబట్టి నా మొహం మీకు తెలుసు. మీ మొహాలూ తెలుసు, మీ పుట్టిన తేదీలూ తెలుసు నాకు. అవి మాత్రం ఇవాళ బయటపెట్టను.

ముందు చిన్న లెక్క. ఈ హాల్లో ఫుట్‌బాల్ చూసేవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు, అటు పక్క మూడు. వెనక వరసలో ఆ నాలుగో చెయ్యి మా నాన్నగారిది, అది లెక్కలోకి రాదు. సరే, ముగ్గురు. క్రికెట్ చూసేవాళ్లో? చాలు చాలు, దించండి, ఫ్యాన్ రెక్కలు తగుల్తాయి.

మీకు నేను చెప్పబోయేది గెలిచిన కథ కాదు. ఓడిపోయిన మ్యాచ్ గురించి. అదీ మనం గోల్ వేసి ఓడిపోయింది కాదు, చివరి నిమిషంలో ఓడిపోయింది కాదు. మూడు సున్నా. మూడు సున్నాకి ఓడిపోయిన మ్యాచ్ గురించి అరగంట ఏం మాట్లాడతాడు వీడు అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నాను, బయల్దేరేటప్పుడు.

నాకీ ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కడ పట్టిందో చెప్తాను. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. మన జిల్లావాళ్లకి ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు కదా. టెక్కలి, పలాస, నరసన్నపేట వైపు నుంచి ఎన్ని కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని అక్కడ దిగాయో! మథురాకాటి క్వార్టర్లలో తెలుగు తప్ప మరో మాట రాకపోయినా రోజు గడిచిపోయేది. కానీ బడికెళ్తే అలా కుదరదు. బెంగాలీ పిల్లలు నన్ను మొదట అడిగింది పేరు కాదు. నువ్వు మోహన్‌బగానా, ఈస్ట్ బెంగాలా? అవి కలకత్తాలో రెండు పెద్ద ఫుట్‌బాల్ జట్లు. నాకప్పుడు రెండూ తెలీదు. ఇంటికొచ్చి నాన్నగారిని అడిగితే, మోహన్‌బగాన్ అని చెప్పు అన్నారు. ఎందుకని అడగలేదు. మన ఇంటిపేరు ఇదే ఎందుకైందని అడుగుతామా? ఇదీ అంతే.

అక్కడ రైల్వేవాళ్ల సెర్సా స్టేడియంలో మ్యాచ్ ఉంటే నాన్నగారు నన్ను సైకిల్ మీద ముందు కడ్డీపైన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు. ఒక్క అలవాటు మాత్రం నాకు విసుగ్గా ఉండేది. విజిల్ పడ్డాక ఆయన లేచేవారు కాదు. జనమంతా వెళ్లిపోయేవారు, పల్లీల అబ్బాయి వెళ్లిపోయేవాడు, ఆఖరికి గోల్ వెనకాల వల విప్పేవాళ్లు కూడా వచ్చేసేవారు. అప్పుడు లేచేవారు. ఏం భక్తిరా బాబూ ఈయనది అనుకునేవాణ్ణి. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పదో తరగతి అయ్యాక ఇక్కడికొచ్చి ఇంటర్లో చేరాను. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో బంతి కాలితో తంతే, తన్నకురా, కుట్లు విడిపోతాయి అన్నారు. అది క్రికెట్ బంతి. తప్పు నాదే.

తెలుగువాళ్లకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం అని షాపుకొచ్చేవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాని ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ రెండుసార్లూ కోచ్ ఎవరు? హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్లలో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఎంతోమంది. తర్వాత మనం మర్చిపోయాం, అంతే. మర్చిపోవడంలో మనకి స్వర్ణమే.

ఇక అసలు విషయం. 2023 నవంబర్ 21, మంగళవారం. భువనేశ్వర్, కళింగ స్టేడియం. ప్రపంచకప్ క్వాలిఫయర్, భారత్, ఖతార్. అంతకు ఐదు రోజుల ముందే మనవాళ్లు కువైట్ వెళ్లి 1-0తో గెలిచొచ్చారు. మన్వీర్ సింగ్ కొట్టాడు గోల్. నేను షాపులో ఉన్నవాళ్లందరికీ టీ చెప్పాను. ఎందుకో వాళ్లకి తెలీదు, తాగారు.

శ్రీకాకుళంవాడికి భువనేశ్వర్‌లో జరిగే మ్యాచ్ సొంత గడ్డ మీద మ్యాచ్ ఎలా అవుతుందని అడగొచ్చు. దేశం సంగతి సరే, దూరం చూడండి. మన స్టేషన్ నుంచి విజయవాడ ఎంత? నాలుగువందల యాభై కిలోమీటర్ల పైమాట. భువనేశ్వర్? మూడువందల నలభై లోపే. 1936లో ఒడిశా విడిపోయేదాకా మనం గంజాం జిల్లావాళ్లమే కదా. నన్నడిగితే ఫుట్‌బాల్ విషయంలో మన రాజధాని భువనేశ్వరే. అమరావతివాళ్లు వింటే విననివ్వండి.

ఇంకో లెక్క చెప్తాను, నాకు చాలా ఇష్టమైన లెక్క. ఖతార్ దేశం మొత్తం జనాభా 2020 లెక్కల్లో సుమారు 28 లక్షలు, మూడొంతులకి పైగా ఉన్న బయటినుంచి పనికెళ్లినవాళ్లతో కలిపి. మన పాత శ్రీకాకుళం జిల్లా జనాభా 2011 లెక్కల్లో 27 లక్షలు. అంటే ఒక శ్రీకాకుళం జిల్లా అంత దేశం ప్రపంచకప్ తన దగ్గర జరిపించుకుంది, ఆసియా కప్పు గెలుచుకుంది, ఆ మ్యాచ్ నాటికి ఫిఫా ర్యాంకుల్లో 61లో ఉంది. నూట నలభై కోట్ల మనం అప్పటికి 102లో. ఇది విని మా అమ్మాయి ఏమందో తెలుసా? అయితే మన జిల్లాని వేరే దేశం చేసేయండి నాన్నా, ర్యాంకు వస్తుంది అంది.

ఆ 28 లక్షల్లో మనవాడు కూడా ఒకడు. మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. ఉద్దానం మనిషి, కవిటి దగ్గర. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చింది కదా, ఒక్క రాత్రిలో వాళ్ల కొబ్బరితోట నేలకి ఒరిగిపోయింది. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లో మీకు నేను చెప్పక్కర్లేదు. అన్నాళ్లు ఏం తింటాడు? మరుసటి ఏడాది దోహా వెళ్లాడు. పరంజా కట్టే పని. కట్టడం పైకి లేస్తుంటే ముందు పరంజా లేవాలి, కట్టడం అయిపోయాక మొదట పీకేసేదీ పరంజానే. మేం చేసిన పని ఫొటోల్లో ఉండదు బావా, ఉంటే పని అవ్వనట్టే అంటాడు.

వెళ్లిన కొత్తల్లోనే, 2019 సెప్టెంబర్ 10న, దోహాలో భారత్ ఖతార్‌తో ఆడింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గోల్ ముందు గోడలా నిలబడ్డాడు, సున్నా సున్నా. ఆసియా ఛాంపియన్లని వాళ్ల ఇంట్లో ఆపేశాం. గదిలో ఉండే మలయాళీ కుర్రాళ్లు మా బావమరిదిని లాక్కెళ్లారట. రాత్రి ఫోన్ చేశాడు. ‘బావా, గోలేటీ అవ్వనేదు. జనం మాత్రం గెలిచినట్టు ఏడుస్తన్నారు, ఏటిది?’ అన్నాడు. అదేరా ఫుట్‌బాల్ అన్నాను. అప్పట్నుంచి వాడికీ అంటుకుంది.

కాబట్టి భువనేశ్వర్‌లో ఖతార్ మ్యాచ్ అనగానే, అప్పటికి తిరిగొచ్చేసి ఉన్నాడు కాబట్టి, నేనొస్తానన్నాడు. వాడొస్తే మా ఆవిడ. ఆవిడొస్తే పిల్లలు, అమ్మాయికి పద్నాలుగు, బాబుకి పది. బాబు వెళ్లి తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుని, నువ్వూ రా తాతా అన్నాడు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ప్రయాణం అనేసరికి ఆలోచిస్తున్నారు అనుకున్నాను. పదండి అన్నారు.

టిక్కెట్లు ఆన్‌లైన్లో తీశాను, ఆరు. పిల్లల బడికి రెండు రోజులు జ్వరం అని చెప్పాం. ఇక్కడ మాస్టార్లున్నారు, క్షమించాలి. ఇద్దరికీ ఒకేసారి ఎలా వచ్చిందని అడిగారు, వచ్చింది అంతే.

ఇక్కడొక అపశకునం జరిగింది. మంగళవారం మ్యాచ్ కదా, అంతకు ముందు ఆదివారం ఏమైంది? అదీ! చెప్పకుండానే మొహాలు మాడిపోయాయి చూడండి. అహ్మదాబాద్, క్రికెట్ ప్రపంచకప్. పది మ్యాచ్‌లు వరసగా గెలిచి, పదకొండోది ఫైనల్లో. భారత్ 240 ఆలౌట్. ట్రావిస్ హెడ్ 137. మా వీధిలో బిర్యానీ చెప్పి, ప్రొజెక్టర్ పెట్టి, బాణసంచా కూడా తెచ్చారు. 240 అనగానే నేనన్నాను, భయపడకండి, అది మన జిల్లాకి కలిసొచ్చిన అంకె, 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి ఎత్తింది మొత్తం 240 కిలోలే, 110, 130, కంచు పతకం అని. ఆమదాలవలస పక్కనే కదా ఊసవానిపేట. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు గంటలయ్యాక ఎవరూ నా మొహం చూడలేదు.

అది కాదు నేను చెప్పొచ్చేది. హెడ్ సెంచరీ అయ్యాక ఏమైంది? ప్రొజెక్టర్ ఆపేశారు. ఎవరు ఆపారో తెలీదు. ఆపమని ఎవరూ అనలేదు, ఎందుకాపావని కూడా ఎవరూ అనలేదు. మా ఇంట్లో టీవీ నేనే ఆపాను. కప్పు ఎవరి చేతికిచ్చారో చూశారా మీరెవరైనా? ఓడిపోయే మ్యాచ్‌ని మనం చివరిదాకా చూడం. రిమోట్ ఉంది కదా చేతిలో.

స్టేడియంలో రిమోట్ ఉండదు. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

మంగళవారం పొద్దున్న రైలెక్కాం. పలాసలో జీడిపప్పు, ఇచ్ఛాపురం దాటగానే బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారిపోవడం, ఆ తర్వాత చిలకా సరస్సు పక్కన రైలు వెళ్తుంటే పిల్లలు కిటికీకి అతుక్కుపోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. నాన్నగారు మాత్రం కిటికీ వైపు చూడలేదు. స్టేడియానికి ఎన్ని గేట్లుంటాయి అని అడిగారు. నాకేం తెలుసు నాన్నా అన్నాను. కాసేపయ్యాక మళ్లీ అడిగారు. మన స్టాండుకి మెట్లు ఎన్నివైపుల ఉంటాయి? పెద్దాయన, మెట్లెక్కలేనని భయం కాబోలు అనుకుని, తక్కువే ఉంటాయిలే అన్నాను.

సాయంత్రం ఏడింటికి మ్యాచ్. గేటు దగ్గర మా ఆవిడ సంచిలోంచి పులిహోర డబ్బా బయటికి తీశారు. లోపలికి తిండి పట్టుకెళ్లకూడదట. పారేయమన్నారు. పులిహోర పారేయడమా? మా ఆవిడ నిమ్మకాయలు పిండి చేసిన పులిహోర. మీరు పదండి, మేం తినేసి వస్తామని ఆవిడ, బాబు, బావమరిది గేటు బయటే నిలబడిపోయారు. నేను, అమ్మాయి, నాన్నగారు లోపలికెళ్లాం. సీట్లు వెతుక్కున్నాం. నేను ఫోన్లో బావమరిదికి వరస నెంబరు చెప్తున్నాను. అమ్మాయి ఫొటో తీసుకుంటోంది, మైదానానికి వీపు పెట్టి. ఫొటోలన్నీ అలాగే తీసుకోవాలి కదా మరి.

అప్పుడు శబ్దం ఆగిపోయింది.

గోల్ పడితే అరుపులొస్తాయని మనకి తెలుసు. మన మీద గోల్ పడితే వచ్చే శబ్దం ఎలా ఉంటుందో తెలుసా? ఉండదు. డప్పులు కొడుతున్న చేతులు అలా ఆగిపోతాయి. నేను గబుక్కున తల తిప్పాను. ఏమైంది, ఏమైంది? నాన్నగారు అన్నారు, గోల్ అయింది. ఎవరికి? నాన్నగారు నావైపు ఒక చూపు చూశారు. నాలుగో నిమిషం. కార్నర్ నుంచి వచ్చిన బంతి, ముస్తఫా మషాల్ కొట్టాడు. ఇదంతా నేను లాడ్జికెళ్లాక ఫోన్లో చూశాను. అక్కడ నేను చేసిందేమిటంటే, రీప్లే కోసం ఎదురుచూడటం. ఎదురుగా పచ్చగడ్డి తప్ప ఏం లేదు.

పులిహోర తిన్న బ్యాచ్ వచ్చి కూర్చుని, ఎంత అన్నారు. ఒకటి అన్నాను. మనకా అన్నాడు బాబు. వాడికి చెప్పలేకపోయాను.

అయినా మొదటి సగం బాగానే ఆడారు. నిజంగా అంటున్నాను, అభిమానం కొద్దీ కాదు. ఒకటి రెండుసార్లు గోల్ దాకా వెళ్లారు, బయటికి కొట్టేశారు. మా అమ్మాయి లేచి నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. పక్కన ఒడియా కుటుంబం, ఎదర వరసలో బెంగాలీ కుర్రాళ్లు, కిందన బ్లూ పిల్‌గ్రిమ్స్ అని నీలం చొక్కాల అభిమానుల గుంపు. అందరివీ అవే చేతులు, అవే నెత్తులు. అది చూస్తే నాకు ఓడిపోతున్నాం అన్న సంగతే గుర్తులేదు.

విరామంలో మా బావమరిది చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సరిగ్గా ఏడాది కిందట, ఒక్క రోజు తేడాతో, 2022 నవంబర్ 20న, దోహా అవతల అల్ ఖోర్‌లో ప్రపంచకప్ మొదటి మ్యాచ్. ఆతిథ్య దేశం ఖతార్, ఎదర ఈక్వెడార్. స్టేడియం పనులు చేసినవాడు స్టేడియంలోకి వెళ్లలేదు, టిక్కెట్టు కొనే స్తోమత లేదు. పనివాళ్ల కోసం ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర పెట్టారు, అక్కడ చూశాడు. ఖతార్ 0-2. తమ దేశంలో ప్రపంచకప్ మొదలుపెట్టి మొదటి మ్యాచే ఓడిపోయిన దేశం అంతకుముందు ఏదీ లేదు. రెండో సగం ఆడుతుండగా తెరమీద సీట్లు ఖాళీగా కనపడ్డాయట. సొంతవాళ్లు లేచి వెళ్లిపోయారు. ‘మేం మాత్రం ఆఖరిదాకా ఉన్నాం బావా. మా బస్సు వచ్చేది అప్పుడే కదా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

ఆ కబుర్లలో పాప్‌కార్న్ తేవడం మర్చిపోయాం. విరామం అయిపోవస్తుండగా బాబు గోల పెడితే, నేనూ మా ఆవిడా వాడూ వెళ్లాం. పెద్ద వరస. అమ్మాయి బాత్‌రూమ్‌కి వెళ్లింది, తోడుగా మావయ్య. వరసలో నిలబడ్డాం. మళ్లీ శబ్దం ఆగిపోయింది.

47వ నిమిషం. అల్‌మోయెజ్ అలీ. 2019 ఆసియా కప్పులో 9 గోల్స్ కొట్టిన మనిషి. అలాంటివాడు గోల్ కొడుతుంటే చూడాలని నేను భువనేశ్వర్ దాకా వెళ్లాను, చూసింది పాప్‌కార్న్ మిషన్‌ని. సీటు దగ్గరికొచ్చి నాన్నగారిని అడిగాను, ఎలా కొట్టాడు? బాగానే కొట్టాడు అన్నారు. అంతకన్నా చెప్పరు ఆయన.

రెండో సగం గురించి చెప్పడానికేం లేదు. మన కెప్టెన్ సునీల్ ఛెత్రీకి గోల్ రాలేదు. మనవాళ్లు పరిగెత్తారు. వాళ్లు నడిచారు. తేడా అక్కడే ఉంది. బంతి మనతో ఉన్నప్పుడు హడావిడి, వాళ్లతో ఉన్నప్పుడు తీరిక. టీవీలో ఇది తెలీదు, కెమెరా బంతి చుట్టూనే తిరుగుతుంది. మైదానంలో కూర్చుంటే బంతి లేనివాళ్లు ఏం చేస్తున్నారో కనపడుతుంది. మనం ఎందుకు ఓడిపోతామో నాకు నలభై ఏడేళ్లకి, ఆ అరగంటలో అర్థమైంది. అర్థమయ్యాక చూడటం ఇంకా కష్టం.

ఎనభై నిమిషాలు దాటాయి. జనం లేవడం మొదలుపెట్టారు. చుట్టూ కుర్చీలు టపటపా మూసుకుంటున్నాయి. నాకూ మనసు పీకింది. పదండి, ఇప్పుడు వెళ్తే ఆటో దొరుకుద్ది అన్నాను. గమనించండి, ఆ మాట అన్నది నేను. ఈ జిల్లాలో ఫుట్‌బాల్ అభిమానిని అని చెప్పుకుతిరిగేవాణ్ణి నేను, లేచింది కూడా నేనే. అమ్మాయి లేచింది, బాబుని భుజాన వేసుకున్నాను. మెట్ల వైపు తిరిగాం. నాన్నగారు కదల్లేదు. నాన్నా, రండి. కదల్లేదు. నాన్నా, రద్దీ అయిపోతుంది. కూర్చో అన్నారు. గట్టిగా అన్నారు. పెళ్లై పిల్లలున్నవాణ్ణి ఆ గొంతుతో ఆయన పిలిచి పాతికేళ్లయింది.

ఇలా వాదించుకుంటుండగా 86వ నిమిషం. యూసుఫ్ అబ్దురిసాగ్. నా వీపు మైదానానికి ఉంది. మా ఆవిడ సంచి సర్దుతోంది. మూడోదీ అయిపోయింది, కూర్చో అన్నారు నాన్నగారు.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగో నిమిషం, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు. 47, ఇంకా పాప్‌కార్న్ దగ్గర ఉన్నారు. 86, ఇళ్లకి బయల్దేరారు. ఆ ఖతార్‌వాళ్లు మనుషుల్ని కనిపెట్టుకుని కొట్టారా ఏంటి? ఆరు టిక్కెట్లు కొన్నాను నేను. మూడు గోల్సూ చూసింది మా నాన్నగారొక్కరే.

ఇంకొకటి జరిగింది ఆ 86వ నిమిషంలో. చప్పట్లు వినపడ్డాయి. రెండే. చూస్తే మా బావమరిది. కొట్టేసి, చేతులు ఒళ్లో దాచుకున్నాడు. మా అమ్మాయి చూసేసింది. మావయ్యా! అని అరిచింది. పక్కన ఒడియావాళ్లు కూడా తిరిగి చూశారు. వాడు ఎర్రబడిపోయి, ‘కావాలని కొట్టనేదమ్మలూ. ఆ మెరూను చొక్కా సూత్తే జీతం గుర్తొచ్చింది. సేతులు వాటికవే ఆడేయి’ అన్నాడు. అమ్మాయి మర్నాడు రైల్లో బరంపురం వచ్చేదాకా వాడితో మాట్లాడలేదు. నేను మాత్రం ఏమీ అనలేకపోయాను. తిత్లీ తర్వాత వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరి డబ్బు? రెండు చప్పట్లకి వాణ్ణి దేశద్రోహి అంటానా? మరి నాకు కోపం రాలేదా అంటే, వచ్చింది. రెండూ నిజమే.

విజిల్ పడింది. డప్పులవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఓడిపోయాక డప్పేంటో అనుకున్నాను, కానీ వింటుంటే బాగుంది. మిగతా జనం వెళ్లిపోయారు. మేం కూర్చున్నాం. ఐదు నిమిషాలు, పది, పదిహేను. స్టాండులో కాగితాలు ఏరేవాళ్లు వచ్చేశారు. బాబు నా ఒళ్లో నిద్రపోయాడు. నాకు ఒకపక్క చిరాకు, ఒకపక్క సిగ్గు. అమ్మాయితో నెమ్మదిగా అన్నాను, చూడమ్మా, తాతయ్యది అసలైన అభిమానం, నాది ఉత్తది అని. మా ఆవిడ వెళ్లి నాన్నగారి పక్క సీట్లో కూర్చుంది. ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్తున్నారు, మైదానం వైపు చూస్తూ. చాలాసేపు చెప్పారు. నాకు వినపడలేదు.

ఆ రాత్రి లాడ్జిలో పిల్లలు పడుకున్నాక మా ఆవిడ అంది. మావయ్యగారు ఎందుకు లేవలేదో తెలుసా మీకు? ఆట మీద ఇష్టం అన్నాను. కాదు అంది.

1980 ఆగస్టు 16, శనివారం. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్‌బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్. మైదానంలో మొదలైన గొడవ స్టాండ్లలోకి పాకింది. తొక్కిసలాట. 16 మంది అభిమానులు చనిపోయారు. కలకత్తాలో ఆ తేదీని ఇప్పటికీ తల్చుకుంటారు, నాకు తెలుసు, పుస్తకంలో చదివినట్టు తెలుసు. మా నాన్నగారు అక్కడున్నారని మాత్రం తెలీదు. వర్క్‌షాపు స్నేహితులతో ఖరగ్‌పూర్ నుంచి లోకల్ ఎక్కి వెళ్లారట. అందరూ మెట్లవైపు పరిగెడుతుంటే ఆయనా పరిగెత్తారట. మధ్యలో ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టారట. బోస్, బోస్ అని. బెంగాలీలో కూర్చో అని. ఎవరో తెలీదు, మొహం కూడా చూడలేదు. అక్కడే కూర్చుండిపోయారు, అంతా ఖాళీ అయ్యేదాకా.

నాకప్పుడు నాలుగేళ్లు. నాన్నగారు ఒక రాత్రి చెప్పుల్లేకుండా ఇంటికొచ్చిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. రైల్లో ఎవరో చెప్పులు కొట్టేశారని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. చనిపోయేదాకా అదే చెప్పింది. ఆవిడకీ అంతే తెలుసు.

ఆ తర్వాత ఆయన సెర్సా మైదానం దాటి ఏ పెద్ద స్టేడియానికీ వెళ్లలేదు. నలభై మూడేళ్లకి మళ్లీ కళింగ. రైల్లో గేట్లు ఎన్ని అని ఎందుకు అడిగారో, మెట్లు ఎన్నివైపుల అని ఎందుకు అడిగారో, నాకప్పుడు ఒక్కొక్కటీ వచ్చి తగలడం మొదలుపెట్టాయి. సైకిల్ కడ్డీ మీద కూర్చునే వయసు నుంచి నేను భక్తి అనుకున్నది అది కాదు. మూడు గోల్సూ ఆయనే ఎందుకు చూశారు? లేవలేదు కాబట్టి. ఎందుకు లేవలేదు?

నీకెలా చెప్పారు, నాకెప్పుడూ చెప్పలేదే అని మా ఆవిడని అడిగాను. మీరు అడగలేదట, నేను అడిగాను అంది. నిజమే. మోహన్‌బగాన్ ఎందుకు అని కూడా నేను అడగలేదు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను, టీ గ్లాసుల చప్పుడు వినపడుతోంది. 2024 మార్చిలో గువాహతిలో అఫ్ఘానిస్తాన్ చేతిలో 1-2, అదీ ఛెత్రీ 150వ మ్యాచ్. జూన్‌లో దోహాలో ఖతార్‌తో మళ్లీ. ఛాంగ్తే గోల్ వేశాడు, మనం ముందున్నాం, గీత దాటిన బంతిని లోపలికి లాగి వాళ్లు సమం చేశారు, రిఫరీ గోల్ ఇచ్చేశాడు, 1-2. ఆ రోజు ఇంట్లో రిమోట్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మా బాబు దాచేశాడు. చివరిదాకా చూశాం. బావమరిది ఉద్దానం నుంచి ఫోన్లో తిట్టాడు, ఖతార్‌ని, వాళ్ల బంతిని, వాళ్ల ఎండని. ఈసారి వాడి చేతులు ఎటు ఆడాయో నేను అడగలేదు, మా అమ్మాయి అడిగింది.

ఇది చెప్పొచ్చా అని నాన్నగారిని అడిగే వచ్చాను. చెప్పుకో, నేనూ వచ్చి వింటాను అన్నారు. అదిగో, వెనక వరసలో, గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీ కాదు, దాని పక్కది. ఎందుకో మీకు తెలుసిప్పుడు.

టీ వచ్చేసింది. ఈ హాలుకి ఉన్నది ఒకటే తలుపు. మీరు ముందు పదండి. మేమిద్దరం కాసేపాగి వస్తాం.